రైతు అనే మాటలో మన అమ్మ ఎక్కడ?

జూన్ నెల వస్తే మా హాస్టల్ వరండాలో తల్లిదండ్రులు వరుస కడతారు. ట్రంకు పెట్టె, చాప, గోనెసంచిలో బట్టలు, పక్కన బెదురు చూపుల పిల్లలు. అడ్మిషన్ రిజిస్టర్ ముందు పెట్టుకొని మేము ఒక్కో గడీ నింపుతాం. పేరు, ఊరు, తెగ, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తండ్రి వృత్తి, తల్లి పేరు, తల్లి వృత్తి.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి అందరికంటే ఆఖర్న, మధ్యాహ్నం దాటాక వచ్చింది. పాదాలకు అంటిన ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.

"ఇంత ఆలస్యమైందేమమ్మా?" అని అడిగాం.

"పసుపు దుంప నాటేసి వచ్చానమ్మా. పదును పోతే మళ్లీ దొరకదు గదా" అంది.

"మీ ఆయన ఏం చేస్తాడు?"

"ఎవసాయం."

"మరి నువ్వు?"

"నానేటి సేత్తానమ్మా, ఇంటికాడే ఉంటాను."

మేము గడిలో "గృహిణి" అని రాసి తర్వాతి గడికి వెళ్లిపోయాం.

ఆ రాత్రి రిజిస్టర్ సరిచూసుకుంటుంటే ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పి చూశాం. ప్రతి పేజీలో తండ్రి గడిలో "వ్యవసాయం", తల్లి గడిలో "గృహిణి". రాసిన అక్షరాలు మావే. పిల్లల ఇంటి పరిస్థితి తెలుసుకోవడమే ఉపాధ్యాయుల మొదటి పని అని టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్న వాళ్లం. చేలోంచి నేరుగా నడిచి వచ్చిన మనిషిని ఇంట్లో ఉండే మనిషిగా రాసేశాం. ఆమె అబద్ధం చెప్పలేదు. తాను చేసే పనికి ఆ పేరు తనకు చెల్లదని ఆమె అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సావనీర్‌లో మన పండుగల గురించి, ధింసా గురించి, పోరాట వీరుల గురించి మీరు చదువుతారు. మేము ఒక్క మాట చరిత్ర చెప్పదలిచాం. ఆ మాట "రైతు". అది మన కొండలకు ఎలా వచ్చింది, వచ్చి మన అమ్మలను ఎందుకు పక్కన పెట్టింది, ఇప్పుడు మనం ఏం చేయగలం అన్నదే ఈ వ్యాసం.

మాట పుట్టుక

"రైతు" మన కొండల్లో పుట్టిన మాట కాదు. తెలుగులోనూ పుట్టలేదు. దీని మూలం అరబ్బీ భాషలో ఉంది. కాపరి కాపలాలో ఉండే మంద అని దానికి ఒక అర్థం. పాలకుడి కింద ఉండే ప్రజలు అని ఇంకో అర్థం. పారసీ, ఉర్దూల మీదుగా ఆ మాట సర్కారు దఫ్తరాల్లోకి వచ్చింది. వచ్చేసరికి దాని అర్థం శిస్తు కట్టే మనిషి అని స్థిరపడింది.

థామస్ మన్రో పేరు మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. 1820 నుంచి 1827 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారే నేరుగా సాగుదారు దగ్గర శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతి మద్రాసు రాష్ట్రంలో స్థిరపడటంలో ఆయన పాత్ర పెద్దది. ఆ పద్ధతిలో ప్రతి కమతానికీ ఒక నంబరు, ఒక పేరు ఉండాలి. శిస్తు బాకీ పడితే ఎవరిని పిలవాలో దఫ్తరానికి తెలియాలి కదా. అలా ఇంటికి ఒక పేరు రాశారు. ఆ పేరు సాధారణంగా ఇంటి మగవాడిది. పొలంలో ఎంతమంది చేతులు పనిచేసినా కాగితం మీద ఒక్కడే రైతు.

భాష కూడా ఆ దారినే నడిచింది. సేద్యగాడు, వ్యవసాయదారుడు, కర్షకుడు. ఈ మాటల చివర చూడండి, అన్నీ మగవాళ్లవే. "రైతు" అన్న మాటకు అలాంటి తోక లేదు. అయినా మనం "రైతు వచ్చాడు" అంటాం. "రైతు వచ్చింది" అంటే క్లాసులో పిల్లలు నవ్వుతారు. "మహిళా రైతు" అని ప్రత్యేకంగా చెబుతాం గానీ "పురుష రైతు" అని ఎక్కడా వినం. అదే "కూలి" అన్న మాట దగ్గర ఈ ఇబ్బంది ఎవరికీ రాలేదు. కూలి మాట ఆడవాళ్లకు మొదటి నుంచీ ధారాళంగా ఇచ్చారు.

కొండ మీద ఒక లెక్క, పట్టాలో ఒక లెక్క

మన ప్రాంతాన్ని "ఏజెన్సీ" అంటారు. ఎందుకో తెలుసా? గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి వేరు చేసి, గవర్నరు ఏజెంటు చేతికి అప్పగిస్తూ 1839లో 24వ చట్టం చేశారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అంటే మన్యానికి ఉన్న ఆ పేరు కూడా ఆఫీసు పెట్టిందే.

ఆ రోజుల్లో కొండ మీద రైత్వారీ లేదు. జయపురం, మాడుగుల వంటి జమీందారీలు, వాటి కింద ముఠాదారులు ఉండేవారు. మన పూర్వీకులు పోడు కొట్టుకొని బతికారు. పోడు వ్యవసాయం ఎలా సాగేదో మీ నానమ్మలను అడగండి. వేసవిలో చెట్టూ పొదా నరికి, ఎండాక తగలబెట్టి, తొలకరికి విత్తడం. ఒకే చేలో చోడి, సామ, కొర్ర, జొన్న, కంది. ఏటవాలు కొండ మీద నాగలికి పనిలేదు. గునపం, గొడ్డలి, చిన్న పార, అంతే. పెద్ద చెట్లు నరకడం మగవాళ్ల పని అయితే, విత్తడం, కలుపు తీయడం, పిట్టలకు అడవి పందులకు కాపలా కాయడం, కోయడం, నూర్చడం, దంచడం ఆడవాళ్లకు ఎక్కువగానో సమంగానో ఉండేవి. ఏ మట్టిలో సామ బాగా వస్తుందో, ఏ వాలులో కంది నిలుస్తుందో ఇంట్లో ఇద్దరికీ తెలిసేది. అక్కడ రైతు ఎవరు అన్న ప్రశ్నే లేదు. ఇంటిల్లిపాదీ రైతులే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల్లో పోడు నేరమైంది. ఆ బాధే 1922–24 మన్యం పోరాటానికి ఒక ముఖ్య కారణం. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మనం గర్వంగా చెప్పుకుంటాం. ఏ పోడు కోసం ఆ పోరాటం జరిగిందో, ఆ పోడులో విత్తిన చేతుల్లో సగం ఆడవాళ్లవి. ఆ చేతుల పేర్లు మాత్రం చరిత్ర పుస్తకాల్లో లేవు.

ఇక అసలు మలుపు స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. 1969లో ముఠాలను రద్దు చేసి వాటిని రైత్వారీ కిందికి మారుస్తూ రెగ్యులేషన్ చేశారు. 1970లో షెడ్యూల్డు ప్రాంతాల రైత్వారీ సెటిల్‌మెంట్ రెగ్యులేషన్ వచ్చింది. ముఠాదారు పెత్తనం పోవడం, సాగు చేసుకునే గిరిజనుడికి పట్టా రావడం చాలా పెద్ద మేలు. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అదే 1970లో, ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1/70 చట్టం మన భూమికి కంచె కట్టింది. కానీ రైత్వారీతో పాటు దాని పాత అలవాటూ కొండెక్కింది. సర్వే గొలుసు వచ్చింది, నంబరు వచ్చింది, ఇంటికి ఒక పేరు వచ్చింది. మళ్లీ సాధారణంగా ఇంటి మగవాడి పేరే.

దానికి తోడు పల్లపు భూముల్లో నాగలి సేద్యం పెరిగింది. ఆడవాళ్లు నాగలి ముట్టకూడదన్న కట్టు చాలా సమాజాల్లో ఉంది, మనలోనూ ఉంది. నాగలి పట్టినవాడే రైతు అన్న భావన బలపడింది. నాట్లు వేసిన మనిషి, కలుపు తీసిన మనిషి, కుప్ప నూర్చిన మనిషి "సాయం చేసే మనిషి" అయిపోయింది. కొండ మీద రైతుగా ఉన్న అవ్వ, పల్లానికి దిగి పట్టా వచ్చేసరికి రైతు భార్య అయింది. పని తగ్గలేదు, పేరు ఒక్కటే పోయింది.

ప్రశ్న మారితే మనిషి మాయం

ఇది మన కొండల సంగతి మాత్రమే అనుకోవద్దు. దేశం మొత్తం లెక్కలోనే ఇలాంటిది జరిగింది. చరిత్ర, సాంఘిక శాస్త్రం చదివే పిల్లలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

1961 జనాభా లెక్కల్లో దేశంలోని ప్రతి 100 మంది ఆడవాళ్లలో సుమారు 28 మందిని పనిచేసేవాళ్లుగా లెక్కించారు. వ్యవసాయ సీజనులో ఎక్కువ రోజులు, రోజుకు గంటకు మించి పనిచేసినా ఆ లెక్కలో చేర్చారు. 1971లో ప్రశ్న మార్చారు. నీ ముఖ్యమైన పని ఏమిటి అని ముందుగా అడిగారు. వంట, పిల్లలు, నీళ్లు, కట్టెలు అన్నీ తనవే అయిన ఆడమనిషి ఏం చెబుతుంది? ఇంటి పని అనే చెప్పింది. లేదా ఇంట్లో మగవాళ్లు ఆమె తరఫున చెప్పారు. అంతే, పనిచేసే ఆడవాళ్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదేళ్లలో దేశంలో సగం మంది ఆడవాళ్లు చేలు వదిలి ఇంట్లో కూర్చున్నారా? లేదు. చేను అదే, కొడవలి అదే. ప్రశ్న మారింది.

తప్పు తెలిసి కొంత దిద్దుకున్నారు. 1991 జనాభా లెక్కల్లో, సొంత పొలంలో జీతం లేకుండా చేసే పని కూడా పనే అని ప్రశ్నలోనే చేర్చారు. ఆ సవరణ కోసం మహిళా సంఘాలు, పరిశోధకులు ఎంతో కృషి చేశారు.

మా రిజిస్టర్‌లో జరిగింది కూడా ఇదేనని తర్వాత అర్థమైంది. "నువ్వేం చేస్తావు?" అని అడిగితే "ఏమీ లేదు" అన్న తల్లినే, "ఏమేం పండిస్తారు?" అని అడిగి చూడండి. చోడి ఎన్ని కుంచాలు, రాజ్‌మా ఎంత, పసుపు ఎన్ని బస్తాలు, మొన్నటి సంతలో అల్లం ధర ఎంత, వలిసెలు ఎవరి చేలో బాగా పూశాయి, గడగడా చెబుతుంది.

పెట్టిన పేర్లు చాలా

ఊళ్లలో ఉండే ఆడవాళ్లకు పేర్లు తక్కువేం పెట్టలేదు. 1982లో కేంద్రం గ్రామీణ ప్రాంతాల మహిళలు, పిల్లల కోసం ఒక పథకం తెచ్చింది. దాని ఇంగ్లిషు పేరులోని తొలి అక్షరాలే "డ్వాక్రా". ఈ రోజు అది తెలుగు మాటే అయిపోయింది. పొదుపు సంఘాలు మన అమ్మలకు బ్యాంకు గడప తొక్కే ధైర్యం ఇచ్చాయి, అది నిజం. "లబ్ధిదారు", "గ్రామీణ మహిళ", "గిరిజన మహిళ", "ఉపాధి కూలి" కూడా మనం వింటున్న పేర్లే. వీటిలో చాలావాటికి ఎవరో ఇస్తే తీసుకునే మనిషి అన్న ధ్వని ఉంది. ఇచ్చే మనిషి, పండించే మనిషి అన్న ధ్వని ఉన్న మాట ఒక్కటే. అదే ఆమెకు దక్కలేదు.

తెలంగాణలో ఐలమ్మ సంగతి చూడండి. పాలకుర్తిలో భూమి కౌలుకు తీసుకొని సాగు చేసుకున్న మనిషి. పంట కోతకొచ్చేసరికి విస్నూరు దేశముఖ్ మనుషులు దాన్ని కాజేయాలని చూస్తే, 1940లలో సంఘం అండతో నిలబడి తన ధాన్యం తన ఇంటికి చేర్చుకుంది. ఆమెను వీరనారి అంటాం, కులం పేరుతో పిలుస్తాం. కానీ ఆ పోరాటం ఒక కౌలు రైతు తన పంట కోసం చేసిన పోరాటం. ఆమెను "రైతు ఐలమ్మ" అని ఎంతమందిమి పిలిచాం?

పేరు లేకపోతే పోయేది ఏమిటి?

"పేరులో ఏముంది మేడం, పని చేసుకుంటే చాలదా?" అని మా హాస్టల్లో ఒక పెద్ద క్లాసు అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఈ మాట ఉత్త గౌరవం కోసం అయితే మేమూ ఇంత రాసేవాళ్లం కాదు.

సర్కారు కాగితంలో రైతు అంటే భూమి తన పేరున ఉన్న మనిషి. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్న రైతు కుటుంబానికి ఇస్తారు. రికార్డులో పేరు ఎవరిదో డబ్బు వారి ఖాతాలో పడుతుంది. పంట రుణానికీ పాస్‌బుక్ కావాలి. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారు. 2015–16 వ్యవసాయ గణనలో మాత్రం దేశంలోని కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 100కి సుమారు 14. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే మన అమ్మలు ఉన్నారు.

మా పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి చనిపోయాడు. భూమి ఆయన పేరున ఉండిపోయింది. తల్లి రెండేళ్లు ఒంటరిగా అదే చేను సాగు చేసింది. విత్తనాల కోసం ఒక ఆఫీసుకు వెళితే, "రైతు ఎవరు?" అని అడిగారట. "నేనే" అనడానికి ఆమెకు నోరు రాలేదు. "మా ఆయన, చనిపోయాడు" అంది. చనిపోయిన మనిషి రికార్డులో రైతు, బతికి సాగు చేస్తున్న మనిషికి రికార్డులో చోటు లేదు. పేరు మార్పించుకోవడానికి ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది ఆమెకు చెప్పిన వాళ్లు లేరు. ఆమె తిరిగిన ప్రతి రోజూ ఒక కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. ఆ ఏడు అమ్మాయి చదువు మానేస్తుందేమోనని మేమంతా భయపడ్డాం. మానలేదు. కానీ ఎందరో మానేశారు.

చట్టం ఏమంటోంది, ఆచారం ఏమంటోంది

1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆ చట్టం సెక్షన్ 2(2) ఆ మాట స్పష్టంగా చెబుతుంది. 1986లో ఆంధ్రప్రదేశ్, 2005లో కేంద్రం ఆ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చినప్పుడు కూడా అది మన ఆడపిల్లలకు రాలేదు. మన ఆచారాన్ని కాపాడాలనే మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే అది. మరి మన ఆచారం ఏమిటి?

మన కొండ సమాజాల్లో కట్నం లేదు, ఓలి ఉంది. పెళ్లిలో మగపిల్లవాడి వాళ్లే ఆడపిల్ల తల్లిదండ్రులకు ఇస్తారు. ఆ ఇంటి నుంచి ఒక పనిచేసే మనిషిని తీసుకుపోతున్నాం కాబట్టి ఇచ్చేది అని పెద్దలు చెబుతారు. అంటే ఆమె శ్రమకు విలువ ఉందని మన ఆచారం ఎప్పుడో ఒప్పుకుంది. కానీ ఆ శ్రమ పడిన నేలలో వాటా మాత్రం చాలా కుటుంబాల్లో కొడుకులకే పోతుంది. మా ఇంట్లోనూ అంతే. నాన్నగారు పోయాక భూమి అన్నదమ్ముల పేరున మారేటప్పుడు మేము సంతకం పెట్టి వచ్చాం. అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. వాళ్లనూ తప్పు పట్టలేం. అడగనిది ఎవరిస్తారు?

ఇక్కడ మన పెద్దలు చెప్పే భయం ఒకటుంది. ఆడపిల్లకు భూమి ఇస్తే, ఆమె బయటివాణ్ణి చేసుకుంటే భూమి మన చేయి దాటిపోతుందని. ఆ భయం ఉత్తది కాదు. గిరిజన స్త్రీ పేరు అడ్డం పెట్టుకొని భూములు పట్టుకున్న బయటివాళ్లు ఏజెన్సీలో ఉన్నారు. కానీ 1/70 ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరుడికి అమ్మడం, తాకట్టు పెట్టడం, కౌలుకివ్వడం, దానమివ్వడం ఏదీ చెల్లదు, భర్త అయినా సరే. మగవాళ్ల పేరున ఉన్న భూములు బయటివాళ్ల చేతికి పోలేదా? అప్పుకూ తాగుడుకూ ఎన్ని పోయాయో మీ ఊళ్లోనే లెక్కపెట్టండి. హక్కు ఏమిటో తెలియని ఆడపిల్ల పేరునే బినామీగా వాడుకోగలరు. తెలిసిన ఆడపిల్లతో అది అంత తేలిక కాదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబంలో, తాతగారి ఆస్తిలో తమ తల్లికి రావలసిన వాటా కోసం ఆమె వారసులు వేసిన కేసు అది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు, ఆడమనిషి అన్న కారణంతో వాటా కాదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని కోర్టు చెప్పింది. ఆచారం మనది. దాన్ని కాపాడుకునే పని ఎలా మనదో, దిద్దుకునే పని కూడా మనదే. కోర్టు వచ్చి చెప్పేదాకా ఆగడం కంటే మన ఊరి పెద్దలే కూర్చొని మాట్లాడుకుంటే గౌరవంగా ఉంటుంది.

ఒక చట్టం మాత్రం మన అమ్మల పేరు ముందే రాసిపెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం, పెళ్లయిన వాళ్లకు ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఉండాలి. ఒంటరి స్త్రీ ఇంటి పెద్ద అయితే ఆమె పేరునే ఉండాలి. ఆ భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి కుదరదు. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, గ్రామసభకు వచ్చిన వాళ్లలోనూ మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి అని నియమాలు చెబుతున్నాయి. 1882 చట్టం పోడు చేసిన అవ్వను నేరస్థురాలిని చేసింది. 2006 చట్టం అదే నేల మీద ఆమె మనవరాలిని హక్కుదారుగా రాసింది. మధ్యలో 124 ఏళ్లు పట్టింది.

2007 జాతీయ రైతు విధానం ఇంకో మంచి పని చేసింది. రైతు అంటే పట్టాదారు ఒక్కడే కాదని, కౌలుదార్లు, కూలీలు, పశువులు మేపేవాళ్లతో పాటు పోడు చేసే గిరిజనులు, అటవీ ఉత్పత్తులు సేకరించే గిరిజనులు కూడా రైతులేనని రాసింది. అంటే చింతపండు కొట్టే అమ్మ, అడ్డాకులు కుట్టే అమ్మ కూడా. ఆ విధానానికి బాట వేసిన ఎం.ఎస్. స్వామినాథన్, సాగు చేసే స్త్రీకి గ్రామసభ ఆమోదంతో మహిళా రైతు ధ్రువపత్రం ఇవ్వాలని ఒక బిల్లు తయారుచేసి 2012లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. పథకాల కాగితాల్లో రైతు అంటే ఇప్పటికీ చాలావరకు పాస్‌బుక్ ఉన్న మనిషే.

కొండ అవతల ఒక అమ్మ

మన కొండలకు అవతలి పక్క కోరాపుట్. అక్కడి పరజా తెగ, మన పోర్జా వాళ్లు అన్నదమ్ముల్లాంటి వాళ్లు. ఆ తెగలో పుట్టిన కమలా పూజారి బడి చదువు లేని మనిషి. అంతరించిపోతున్న ఎన్నో దేశవాళీ వరి విత్తనాలను ఇల్లిల్లూ తిరిగి సేకరించి కాపాడింది. 2018లో ఒడిశా ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలిగా వేసింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూలైలో ఆమె కన్నుమూసింది.

ఆమె చేసిన పని మన ఇళ్లలో లేనిదేం కాదు. కోతకు ముందే చేలో తిరిగి మంచి కంకి ఏరి పెట్టేది ఎవరు? మొక్కజొన్న పొత్తులు పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడగట్టేది ఎవరు? పేడతో అలికిన గాదెలో చోడి విత్తనం దాచి, పిల్లలు ఆకలన్నా ఆ కుంచం ముట్టనివ్వనిది ఎవరు? మా అమ్మ ఆ గింజలు తీసి ఎన్నడూ అంబలి కాయలేదు. "ఇది వచ్చే ఏటి తిండి" అనేది. కమలా పూజారిని లోకం గుర్తించింది. మన ఇళ్లలో ఉన్న అలాంటి అమ్మలను మనమే ఇంకా గుర్తించలేదు.

మీరు చేయగల పనులు

ఏటా అక్టోబర్ 15 అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం. 2008 నుంచి జరుపుతున్నారు. మన దేశంలో అదే రోజు మహిళా రైతు దినోత్సవం కూడా. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. మంచిదే. వాటితో పాటు చదువుకున్న మీరు ఇంటి దగ్గర మొదలుపెట్టగల పనులు కొన్ని చెబుతాం.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పట్టా కాగితాలు బయటికి తీసి చదవండి. అటవీ హక్కుల పత్రం ఉంటే అందులో అమ్మ పేరు ఉందో లేదో, సరిగ్గా రాశారో లేదో చూడండి. లేకపోతే సచివాలయంలోనూ గ్రామసభలోనూ అడగండి. సెక్షన్ 4(4) అని చెప్పండి.

మీ ఊళ్లో భర్త పోయిన ఆడవాళ్ల భూమి రికార్డు ఎవరి పేరున ఉందో కనుక్కోండి. దరఖాస్తు రాసిపెట్టడం, ఆఫీసుకు తోడు వెళ్లడం మీరు చేయగలరు. ఒక కుర్రవాడు పక్కన నిలబడి కాగితం చదువుతుంటే ఆఫీసులో మాట తీరు మారుతుంది. మేము కళ్లారా చూశాం.

గ్రామసభకు అమ్మను తీసుకెళ్లండి. ఆమె వెనక వరుసలో కూర్చుంటే మీరూ పక్కన కూర్చోండి. సంతకం కోసం పుస్తకం ఇంటికి తెస్తే, ఏం తీర్మానం రాశారో చదివి వినిపించాకే వేలిముద్ర వేయనివ్వండి.

అన్నదమ్ములకు ఒక మాట. మీ అక్కచెల్లెళ్లు వాటా అడిగితే అది మీ మీద పోట్లాట అనుకోకండి. మీతో పాటు కలుపు తీసిన వాళ్లు, మీకంటే ముందు లేచి నీళ్లు మోసిన వాళ్లు.

ఇక అమ్మకు తెలిసిన విత్తనాల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏది ఎప్పుడు విత్తుతారు, ఎలా దాస్తారు, మీ ఇంటి భాషలో దాన్ని ఏమంటారు. వచ్చే ఏడాది సావనీర్‌కు అలాంటి వ్యాసాలు పది వచ్చినా మన చరిత్రకు అది పెద్ద ఆస్తి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులో, కాలేజీ ఫారంలో తల్లి వృత్తి అన్న గడి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పోయిన వారం అమ్మ ఏం చేసిందో గుర్తు తెచ్చుకొని రాయండి.

మేము మా రిజిస్టర్‌లో ఇప్పుడు అడిగే తీరు మార్చాం. "నువ్వేం చేస్తావమ్మా?" అని అడగడం మానేశాం. "ఏం పండిస్తావమ్మా?" అని అడుగుతున్నాం. జవాబు విన్నాక తల్లి వృత్తి గడిలో "రైతు" అని రాసి, ఆమెకు చదివి వినిపిస్తాం. కొందరు నవ్వుతారు. కొందరు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పోయిన జూన్‌లో ఒకామె మాత్రం నవ్వలేదు. "మళ్లీ సదవండమ్మా" అంది. మళ్లీ చదివాం.

జై ఆదివాసీ!